బోణీ కాని కథ

హంసలదీవి పక్కనున్న పాలెంలో అంకమ్మ బోణీ పట్టింపు తెలియనివాళ్ళు లేరు. పొద్దున్నే బుట్ట దించాక మొదటి చేప డబ్బుకే పోవాలి. సొంత ఆడపడుచు వచ్చి గుప్పెడు రొయ్యలు అడిగినా "ఆగవే, బోణీ కానీ" అనేది. కోడూరు మార్కెట్లో ఒక మేష్టారు అవనిగడ్డ బస్సు ఎన్నింటికని అడిగితే, రెండు కానాగంతలు కొనిపించి అప్పుడు చెప్పింది. ఆయనకు ఆ రోజు బస్సు తప్పిపోయి, చేపల సంచీతో బడికి నడిచాడు. అంకమ్మ మాత్రం తన తప్పేమీ లేదనుకుంది.

ఆ బుట్టతోనే ఇద్దరు కొడుకులను పెంచింది. మొగుడు కొండలరావు మోకాళ్ళు పట్టేసి వేటకు వెళ్ళడం మానేశాక, వలలు అల్లుతూ ఇంట్లోనే ఉండిపోయాడు. అప్పటినుంచి ఇంటి తిండి, ఆయన మందులు అన్నీ ఆ బుట్టలోంచే రావాలి.

ఇంత లెక్క తెలిసిన మనిషీ ఏడాదికొక రోజు ఒకటి ఊరికే ఇచ్చేది. నవంబరు పంతొమ్మిదిన, అడిగినవాళ్ళకు నాగేంద్రం సంగతి చెప్పేది.

నాగేంద్రం ఆమె మొదటి పిల్ల. డెబ్భై ఏడు ఉప్పెన నాటికి నాలుగేళ్ళది. ఆ శనివారం కొండలరావు బందరులో ఉన్నాడు. సముద్రం ఊరి మీదకు వచ్చినప్పుడు అంకమ్మ పిల్లతో తుమ్మచెట్టు ఎక్కింది. ఒక చేత్తో కొమ్మను, ఒక చేత్తో పిల్లను పట్టుకుని చాలాసేపు నిలబడింది. "అమ్మా, ముల్లు గుచ్చుకుంటందే" అంది పిల్ల. ముల్లు తగలకుండా చెయ్యి మార్చి పట్టుకోబోయింది. ఆ మార్చడంలో జారిపోయింది. అంతే. పిల్ల మళ్ళీ కనపడలేదు.

పాలెంలో ఈ మాట ఎవరితో చెప్పుకుంటుంది? ఇంటికొకరు, ఇద్దరు పోయిన ఊరది. ఇంట్లో పిల్ల పేరెత్తితే కొండలరావు కండువా దులుపుకుని బయటికి వెళ్ళిపోతాడు. అలా పదిహేనేళ్ళు నోట్లోనే పెట్టుకుంది. తొంభై రెండులో ఒక పేపరాయన వచ్చి, అరుగు మీద కూర్చుని, "పాప పేరేంటమ్మా?" అని అడిగాడు. అడిగిన మొదటి మనిషి ఆయనే. పేరు పైకి అనగానే అంకమ్మకు గుండెల్లో ఏదో సర్దుకున్నట్టయింది. అప్పటినుంచి నవంబరు కోసం, బయటికి చెప్పదు గానీ, ఎదురుచూసేది.

తర్వాత టీవీలు వచ్చాయి. పది నిమిషాలన్నవాళ్ళు పూటంతా తినేసేవాళ్ళు. సముద్రం వైపు నడవమనేవాళ్ళు. వెలుతురు సరిగ్గా లేదని మళ్ళీ నడవమనేవాళ్ళు. "ఆ ముల్లు మాట ఇంకోసారి చెప్పండమ్మా" అనేవాళ్ళు. ఇంకోసారి చెప్పేది. రెండువేల ఆరులో ఒకే రోజు ముగ్గురొచ్చారు. మూడోవాళ్ళు వదిలేసరికి బుట్టలో రొయ్యలు ఎర్రబడి వాసన కొట్టాయి. ఏడు వందల సరుకు గోతిలో పోసింది. ఆ వారం కొండలరావుకు మందులు రాలేదు.

గోతి పూడుస్తూ లెక్క వేసుకుంది. కారు తోలినవాడికి బత్తా ఉంది. కెమెరా మోసినవాడికి జీతముంది. వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన అవనిగడ్డ విలేకరి శ్యాంబాబుకు వార్తకింతని ఇస్తారు. వాళ్ళు తాగిన టీకి కూడా కొట్లో డబ్బిచ్చారు. అందరికీ కూలి ఉంది. పిల్లను పోగొట్టుకుని, దాన్ని ముగ్గురికి మూడుసార్లు చెప్పి, సరుకు కూడా పోగొట్టుకున్న తనకే లేదు. ఇదేం న్యాయమో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

మరుసటేడు ఉప్పెనకు ముప్ఫై ఏళ్ళు. హైదరాబాదు నుంచి సునీత అనే అమ్మాయి పెద్ద కారులో దిగింది. శ్యాంబాబు ముందు నడుస్తూ వచ్చాడు. అంకమ్మ అప్పుడే ఒడ్డున వేలంలో సరుకు పాడుకుని, ఇంటి ముందు ఆటో కోసం నిలబడి ఉంది.

"పిన్నీ, వీళ్ళు మన ఆఫీసువాళ్ళు. నీకోసమే వచ్చారు" అన్నాడు శ్యాంబాబు.

"చెప్తాను బాబూ. ముందు బుట్ట కొనమను. ఎనిమిదొందలు. నాకు బోణీ అయిపోద్ది, సాయంత్రం దాకా మీతోనే ఉంటా."

సునీత మంచి పిల్లే. కసురుకోలేదు. "డబ్బిచ్చి చెప్పించుకుంటే అది వార్త అవదండీ. మా ఆఫీసులో ఒప్పుకోరు. రేపు చూసినవాళ్ళు డబ్బు కోసం ఏడ్చిందంటారు. మీకే బాగుండదు" అంది.

"నిరుడు ఊరికే ఏడ్చానమ్మా. సరుకు గోతిలో పోసుకున్నా."

అరుగు మీదనుంచి కొండలరావు వల పక్కన పడేసి లేచాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ ఊసులో అతను నోరు విప్పడం అదే మొదలు. "ఏమే, చచ్చిపోయిన పిల్లకి రేటు కడుతున్నావా?"

"పిల్లకి కాదయ్యా. చేపలకి" అంది అంకమ్మ. అందేగానీ, మొగుడి మాట లోపలికంటా దిగబడింది. ఒకవేళ నిజంగా రేటు కట్టిందేమోనని భయం కూడా వేసింది. కానీ అందరిముందూ అన్నాక ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు.

శ్యాంబాబు జేబులోంచి వంద కాగితం తీశాడు. "నా దగ్గర ఇంతే ఉంది పిన్నీ. నాకే మూణ్ణెల్లనించీ ఇవ్వలేదు వాళ్ళు."

"నీ డబ్బు నాకెందుకు బాబూ, పిల్లలున్నోడివి" అని ఆటో ఎక్కేసింది.

ఆ రోజు కోడూరులో బేరాలు బ్రహ్మాండంగా సాగాయి. పదకొండుకల్లా బుట్ట ఖాళీ. అయినా రెండింటిదాకా అక్కడే కూర్చుంది, రోడ్డు వైపు చూస్తూ. కారు మార్కెట్టుకే వస్తుందనుకుంది. ఎలాగూ సరుకు అమ్ముడైంది కదా, ఇప్పుడైతే ఊరికే చెప్పేద్దామనుకుంది. కారు రాలేదు.

పొద్దుగూకేవేళ అన్నపూర్ణ టీకొట్టు ముందు పాలెమంతా పోగైంది. టీవీలో సుబ్బరత్నమ్మ. అంకమ్మకు రెండిళ్ళ అవతల మనిషి, వరసకు మరదలు. సముద్రం వైపు నడుస్తోంది. ఆగింది. ఏడుస్తోంది. "అమ్మా, ముల్లు గుచ్చుకుంటందే అందయ్యా నా తల్లి. చెయ్యి మార్చి పట్టుకుందామనుకున్నా..."

అంకమ్మ నిలబడినచోటే నిలబడిపోయింది. సుబ్బరత్నమ్మకు పిల్లలే లేరని కొట్టు ముందున్న ప్రతి మనిషికీ తెలుసు. అన్నపూర్ణ గబగబా చానల్ మార్చబోయింది గానీ రిమోట్ పనిచేయలేదు. చివర్లో తెర మీద అక్షరాలు పడ్డాయి. అంకమ్మకు చదవడం రాదు. అందులో పిల్ల పేరుందా అని ఎవరినీ అడగలేకపోయింది.

వెళ్ళి జుట్టు పట్టుకుందామన్నంత కోపంతో అంకమ్మ, సుబ్బరత్నమ్మ ఇంటి గుమ్మంలోకి వెళ్ళింది. ఆమె చీకట్లో దీపం కూడా వేసుకోకుండా కూర్చుని ఉంది.

"నా మొగుడు పోయిన సంగతే చెప్పా వదినా. మూడోరోజు చేలో దొరికాడని, చొక్కా చూసి పోల్చుకున్నానని, అంతా చెప్పా. ఆ టీవీ పిల్ల వింది. విని, పిల్లలెవరూ పోలేదా అంది. వాళ్ళ మొహాలు చూస్తే నాది సరిపోలేదనిపించింది. నువ్వెట్టాగూ చెప్పనన్నావు గదా అని... ఎట్టా వచ్చేసిందో నోట్లోకి వచ్చేసింది. నిజంగానే ఏడుపొచ్చింది వదినా, అబద్ధం కాదు."

జుట్టు పట్టుకోవడానికి చెయ్యి లేవలేదు. మొగుడి శవాన్ని చొక్కా చూసి పోల్చుకున్న మనిషి బాధ చాలలేదంటే, ఇక ఎవరిని తిట్టాలి? అంకమ్మ ఇంటికి వచ్చి పడుకుంది. కొండలరావు కూడా టీవీ చూసి వచ్చినట్టు దగ్గులోనే తెలిసిపోయింది.

ఆ ఏడాదంతా ఆమెకు ఒకటే దిగులు. ఇంకెక్కడా చెప్పుకునే చోటు లేదు, ఉన్న ఒక్క రోజునూ బేరం పెట్టి చెడగొట్టుకుంది. బోణీ పట్టింపు కూడా సడలిపోయింది. అడిగినవాళ్ళకు అడిగినట్టు రొయ్యలు పెట్టేసేది. ఆడపడుచుకే అనుమానమొచ్చి, ఒంట్లో బాగుందా అని అడిగింది.

రెండువేల ఎనిమిది నవంబరు పంతొమ్మిది. ఈసారి కారు లేదు. శ్యాంబాబు, కెమెరా కుర్రాడు మోటారుసైకిలు మీద వచ్చారు. అంకమ్మ బుట్ట ఇసకలో దించి ఎదురెళ్ళింది. తలకు నూనె రాసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది.

"బాబూ, నాకేం వద్దు. ఊరికే చెప్తా. ఎంతసేపైనా సరే, ఎన్నిసార్లు నడవమన్నా సరే."

శ్యాంబాబు మొహం చిన్నబోయింది. "పిన్నీ, అది నీ కథని నాకు తెలీదా? పొద్దున్నే ఫోన్ చేసి ఆఫీసుకి చెప్పా. చెయ్యి జారినది నిరుడు వేసేశాం అన్నారు. ఇప్పుడు అదే నీదంటే, నిరుడు వేసింది అబద్ధమైపోద్దంట. నేను గట్టిగా మాట్లాడితే నా ఉద్యోగమే పోద్ది."

"పేరు ఒక్కటే చెప్తానయ్యా. కథ వద్దులే. నాగేంద్రం అని, నా పిల్ల అని."

అతను తల అడ్డంగా ఊపాడు. చూడలేక సముద్రం వైపు తిరిగాడు. కెమెరా కుర్రాడికి ఇదంతా తెలియదు. ముసలమ్మ మీద జాలిపడి, మర్యాదగానే అడిగాడు.

"ఇంకేదన్నా ఉంటే చెప్పండమ్మా. వేరేది ఏదన్నా. అదైతే వేస్తాం."

అంకమ్మ నిజంగానే ఆలోచించింది. ఉప్పెన రాత్రంతా మనసులో ఒకసారి వెతుక్కుంది. ఇల్లు పోయింది, అందరిదీ పోయింది. మేక పోయింది. ఇంకేమీ దొరకలేదు.

"వేరేది లేదయ్యా" అంది. "నాకు అదొక్కటే ఉంది."

వంగి బుట్ట అంచు పట్టుకుని, కాస్త ఎత్తమని శ్యాంబాబును అడిగింది.