హారో బస్సులో ఒక చెయ్యి

బస్సులో ఎదురుగా కూర్చున్న వాళ్లను గీయడం నా సాధన. ఆ బొమ్మలు ఎవరికీ చూపించను. ఈ సాయంత్రం లండన్‌లో హారో వెళ్లే బస్సులో, బొమ్మల కింద నా తెలుగు రాత చూసి పక్క సీటు ఆంటీ నోట్‌బుక్ మీదకు వంగారు. మూసేద్దామనుకున్నాను, ధైర్యం చాలలేదు.

“అందరి చేతులూ జేబుల్లోనే పెట్టేశావేంటమ్మా? మరీ అంత చలా?”

“చేతులు గీయడం రాదు ఆంటీ. అందుకే దాచేస్తాను.”

ఆవిడ గ్లవ్ తీసి, చెయ్యి సంచి మీద పెట్టారు. “ఇదుగో, గియ్యి. కదపనులే.”

నిజంగానే కదపలేదు. కణుపులు ఉబ్బిన, గోరింట సగం చెరిగిన చెయ్యి. ఫోన్ మోగినా తీయలేదు. కాసేపటికి, తన స్టాపు దాటిపోయిందని ఆవిడే మెల్లగా చెప్పారు. నేను కంగారుపడ్డాను.

“రెండు స్టాపులేగా, నడుస్తాలే. ముందు ఆ బొటనవేలు కానివ్వు.”

బొటనవేలు అచ్చం దొండకాయలా వచ్చింది. ఆవిడ తేరిపార చూసి, “పోన్లే, జేబులోంచి బయటికైతే వచ్చింది” అని నవ్వుతూ దిగిపోయారు.

పేరైనా అడగలేదు నేను. నా కోసం అంత ఓపికగా ఇంతకుముందు ఎవరూ కూర్చోలేదు. చేతకాక మీరు జేబులో దాచుకున్నదేమిటో కామెంట్లలో చెప్పండి. నా దొండకాయ ఫొటో కింద పెట్టాను.