బాలింత చలి అనుకున్నాం

2014 మే. శ్రీకాకుళం జిల్లాలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో, ఆడవాళ్ల వార్డులో నేను స్టాఫ్ నర్సుని. పది మంచాలకు రెండు ఫ్యాన్లు. గొడవ ఆ ఫ్యాన్ల దగ్గరే మొదలైంది.

శ్రీకూర్మం వైపు పల్లె నుంచి వచ్చిన అప్పలనర్సమ్మకి ఇరవై ఏడేళ్లు. నీరసమని చేర్చారు. ఒంటిమీద స్వెట్టరు, చెవులకి గుడ్డ. ఫ్యాను ఆపమని అందర్నీ బతిమాలుతోంది.

"ఒసే, ఫేను ఆపితే మేం ఉడికిపోతాం. నువ్వెళ్లి పొయ్యికాడ కూకో" అంది పక్క మంచం ఆవిడ.

"పొయ్యికాడా సలే పిన్నీ." గొంతు బొంగురుగా ఉంది, మాట నెమ్మది.

అత్తగారు నాతో, "బాలింతప్పుడు పత్యం సెయ్యలేదమ్మా. సన్నీళ్లు ముట్టీసింది. ఆ సలే ఇది" అంది. మా వైపు బాలింతకి చెవులు కట్టి, చన్నీళ్లు తాకనివ్వరు. పాపకి మూడేళ్లు నిండినా ఈమె ఆ గుడ్డ విప్పలేదు.

చలి ఎక్కువంటే మేం ముందు చూసేవి రెండు: రక్తహీనత, థైరాయిడ్. రక్తం కొంచెం తక్కువ. టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ని పనిచెయ్యమని పురమాయించే హార్మోను, నార్మల్. బీపీ మాత్రం రోజూ తక్కువే, పై అంకె ఎనభై దగ్గరే. ఐరన్ మాత్రలిచ్చి డిశ్చార్జి రాశారు.

సెలైన్ సూది తీస్తుంటే ఆమె చెయ్యి చల్లగా, పొడిగా తగిలింది. అంతకు మూడేళ్ల ముందు రెండు రోజుల జ్వరంతో చనిపోయిన మా అక్క కూడా ఎప్పుడూ చలి అనేది. నేను ఊలు శాలువా కొనిచ్చాను. ఏమీ అడగలేదు.

ఈమెను అడిగాను. "పాపకి పాలిచ్చావా?"

"ఒక్క సుక్కా పడలేదండి."

"నెలసరి?"

"పాప పుట్టాక మరి రానేదు."

"కాన్పులో రక్తం ఎక్కువ పోయిందా?"

అత్తగారు అందుకుంది. "పోవడమేటమ్మా, నాలుగు సీరలు తడిసిపోనాయి. మనిషి దక్కదనుకున్నాం."

డాక్టరుగారికి చెప్పాను. ఆయన డిశ్చార్జి కాగితం వెనక్కి తీసుకుని ఆమెను విశాఖపట్నం పంపారు. కాన్పులో రక్తం విపరీతంగా పోతే మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతినవచ్చు. అప్పుడు పాలు పడవు, నెలసరి రాదు, థైరాయిడ్ మందగిస్తుంది, ఒళ్లు తగినంత వేడి పుట్టించుకోలేదు. టీఎస్‌హెచ్ పుట్టేదీ ఆ గ్రంథిలోనే కాబట్టి, అదొక్కటే చూస్తే ఇది దొరక్కపోవచ్చు. వైద్యం లేకపోతే ఇలాంటివాళ్లకి మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుందని డాక్టరుగారు చెప్పారు.

విశాఖలో జబ్బు అదేనని తేల్చి హార్మోను మాత్రలు మొదలుపెట్టారు. రెండు నెలల తర్వాత ఆమె ఆ మాత్రల కోసం వచ్చి ఫ్యాను కింద కూర్చుంది. "ఇప్పుడు ఉక్కపోస్తన్నాదండి" అని నవ్వింది. చెవిగుడ్డ అత్తగారి సంచిలో ఉంది. "ఎందుకైనా మంచిదని తెచ్చానమ్మా" అంది ఆవిడ.

అప్పటినుంచి చలి అన్న ఆడమనిషికి దుప్పటి ఇస్తూనే కాన్పు గురించి అడుగుతున్నాను. మా అక్క సంగతి ఇక తేలదు. ఆమెకి పాలు పడలేదన్నది మాత్రం నాకు తెలుసు. పిల్లకి డబ్బాపాలు కలిపింది నేనే.