ఆజం భాయ్ ట్రయల్

ట్రయల్ వేయకుండా బాగుచేసిన వస్తువును యజమాని చేతిలో పెట్టడం ఆజం భాయ్ వల్ల అయ్యే పని కాదు. టేకులపల్లి రోడ్డు మీద ఆయన ఆటో ఎలక్ట్రికల్ దుకాణంలో రిపేరుకు గంట పడితే ట్రయల్‌కు ఒక పూట పడుతది. బల్బు మార్చినా ట్రయలే, ఫ్యూజు వేసినా ట్రయలే. అది కూడా దుకాణం ముందు ఒక చుట్టు కొట్టి వచ్చే ట్రయల్ కాదు. నలభై కిలోమీటర్లు తిరిగితే గాని బండి నిజం చెప్పదని ఆయన గట్టి నమ్మకం.

బాలకృష్ణ ఆటోకు హారన్ మూగబోతే బాగుచేసిండు. చేసినంక అదే ఆటో తీసుకొని పొద్దున పదింటికి పోయిన మనిషి మూడింటికి తిరిగొచ్చిండు.

"హారన్ చూడనీకి ఐదు గంటలా భాయ్?" అని బాలకృష్ణ నెత్తి పట్టుకున్నడు.

"దుకాణం ముందు మోగితే ఏం లాభం? అడవిల మోగాలె. కోతులు పక్కకు జరగాలె."

"జరిగినయా మరి?"

"అన్ని జరిగినయి. ఒకటే కూసున్నది. దానికి చెవుడు ఉన్నట్టుంది."

ఇంట్లో కూడా ఇదే కథ. ఆయన భార్య ఫజిలత్‌ను కదిలిస్తే చాలు, "పెండ్లికి కుట్టిచ్చిన షేర్వాణీని ట్రయల్ అని వారం ముందే తొడుక్కొని బజారంత తిరిగిండు. నిఖా రోజు కూర మరకతోని వచ్చి కూసున్నడు. ఇదేందని అడిగితే, మరక పడితే ఎట్లుంటదో కూడా తెలవాలె గద అన్నడు" అని మొదలుపెడుతది.

అట్లాంటి మనిషి చేతిలో కోటేష్ పడ్డడు.

కోటేష్‌ది కొత్తగూడెంలో గుమాస్తా ఉద్యోగం. జీపు వెనక తగిలించి లాక్కుపోయే గదిబండి, అదే క్యాంపర్, ఒకటి పాతది కొన్నడు. లోపల ఒక పడక, ఒక ఫ్యాను, ఒక బుడ్డ ఫ్రిజ్జు. కొన్ననాటి నుంచి భార్య కళ్యాణికి గోదారి ఒడ్డున నాలుగు రోజులు ఉంచుతనని చెప్తనే ఉన్నడు. మొదటిసారి బయల్దేరినప్పుడు తానే తెలివి చేసి జీపు బ్యాటరీ నుంచి క్యాంపర్‌కు ఒక సన్న వైరు గుంజిండు. దారిలో ఆగి అన్నం తిని, కాసేపు కునుకు తీసి లేచేసరికి ఫ్రిజ్జు జీపు బ్యాటరీని ఆఖరి చుక్క దాకా తాగేసింది. మేకలు కాసేటోళ్లు నలుగురు తోస్తే గాని జీపు కదలలే. ఆ నలుగురికి కళ్యాణి చల్లటి మజ్జిగ పోసింది.

"చూసినవా, ఫ్రిజ్జు పనికొచ్చింది," అన్నడు కోటేష్. కళ్యాణి జీపును ఇంటి దిక్కు తిప్పమన్నది.

ఇప్పుడు కళ్యాణికి బ్యాంకులో, మార్చి రద్దీ మొదలుకాకముందు, మంగళవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు రోజుల సెలవు దొరికింది. మళ్ల ఎప్పుడు దొరుకుతదో మేనేజరుకే తెలవదు. "ఈసారి గోదారి చూపియ్యకపోతే నీ క్యాంపర్‌ను మా అమ్మోళ్ల మేకలకు కొట్టం చేస్త," అని తేల్చిచెప్పింది. ఆమె మాట ఇచ్చిందంటే నిలబెట్టుకునే మనిషి. కోటేష్‌కు భయం అక్కడనే.

ఆజం క్యాంపర్ చుట్టూ మూడుసార్లు తిరిగిండు. గోడకు చెవి ఆనించి విన్నడు.

"సార్, జీపు తాగేది, క్యాంపర్ తాగేది ఒకటే కుండల నీళ్లు. అందుకే కొట్లాట."

"మరేం చేద్దాం భాయ్?"

"క్యాంపర్ బ్యాటరీ క్యాంపర్‌కు ఉండాలె. జీపు ఇంజను నడిచినంతసేపే దానికి కరెంటు పోవాలె. ఇంజను బందైతే అది కూడా బందు. మధ్యల ఒక చార్జర్ పెడత. జీపును గుల్ల చేయకుండ తీసుకొని, క్యాంపర్ బ్యాటరీకి కడుపునిండ పెడతది."

చిటికెనవేలంత లావు వైర్లు గుంజి, రెండు కొసలకు ఫ్యూజులు పెట్టి, చార్జర్‌ను పడక కింద బ్యాటరీ పక్కన బిగించేసరికి సోమవారం సాయంత్రమైంది. జీపు స్టార్టు చేస్తే చార్జర్ మీద పచ్చలైటు వెలిగింది. కోటేష్ మొహం అంతకన్నా ఎక్కువ వెలిగింది.

"ఇగ పోవచ్చా?"

"ట్రయల్?"

"సరే, రేపు పొద్దుగాల జల్దీ వేసెయ్యి."

"రేపు కాదు సార్, ఎల్లుండి."

"ఎల్లుండి ఎందుకు?"

"వైర్లు కూసోవాలె."

"వైర్లు కూసునుడు ఏంది భాయ్? కూసొని ఏం చేస్తయి?"

"కొత్త జాగ గద సార్. అలవాటు కావాలె."

మంగళవారమంతా కళ్యాణి కట్టిపెట్టిన సంచుల మధ్యన కూసున్నది. సాయంత్రం పుట్టింటికి ఫోన్ చేసి, మేకలు ఎన్ని ఉన్నయో, మేకపోతు కొమ్ములతో కలిపి ఎంత ఎత్తుంటదో అడిగింది. పక్క గదిలో కోటేష్ వింటనే ఉన్నడు.

బుధవారం పొద్దున ఇద్దరూ సంచులతో సహా దుకాణం ముందు దిగిన్రు.

"మేము కూడా వస్తం," అన్నది కళ్యాణి. "మీ ట్రయల్ ఎక్కడ ఒడుస్తదో అక్కడి నుంచి అటే పోతం."

"మంచిది మేడం. భద్రాచలం దిక్కే పోతున్న."

స్టీరింగు ఆజం పట్టిండు. ముప్పైకి మించి పోనియ్యలే. "ఫ్యాను నడుస్తున్నది, ఫ్రిజ్జు నడుస్తున్నది. కానీ లోడు సాలదు," అని తనలో తాను అనుకుంటూ తారురోడ్డు దిగి, జీపును ఒక తండా దారిలోకి మళ్లించిండు. కళ్యాణి గడియారం చూసింది. కోటేష్ కళ్యాణిని చూసిండు.

తండాలో ఒక ఇంటి ముందు మంచం మీద ముసలామె కూసొని ఉన్నది. తొడ నుంచి మడమ దాకా సిమెంటు కట్టు. తల నున్నగ దువ్వుకున్నది. ఒళ్లో ఎక్స్‌రే కవరు, మందుల సంచి. బస్సు కోసం చూసే మనిషి లెక్కనే ఉన్నది.

"ఎవరు భాయ్ ఈమె?" అన్నడు కోటేష్.

"లోడు సార్."

"ఏంది?"

"హేమ్లి యాడీ. బ్యాటరీ మీద లోడు లేకుంటే చార్జర్ సంగతి ఎట్ల తెలుస్తది?"

తండాలో అమ్మను యాడీ అంటరు. కోటేష్ కూడా తండాలో పుట్టినోడే గనుక ఆ పిలుపుకు మెత్తబడ్డడు. కళ్యాణి మాత్రం నడుము మీద చెయ్యి వేసుకొని జీపు దిగింది. ఆమె నోరు తెరవకముందే హేమ్లి అందుకున్నది.

"బిడ్డా, ఈ బండి నీదా? ఏం ఫికరు చేయకు. వీనికి పని అంత సక్కగ రాదు. అందుకే వీడు చేసిన బండ్లు నేను ఎక్కి చూసి చెప్త. పోయిన నెల పాలవ్యాను చూసిన. అంతకుముందు ఐస్‌క్రీం బండి. కాలుకు హాయిగ ఉండె గాని మిగతా ఒళ్లు గడ్డకట్టింది."

నడుము మీది చెయ్యి కళ్యాణి దించింది. ఒక చెయ్యి తాను పట్టి, ఒక చెయ్యి కోటేష్ పట్టి, హేమ్లిని పడక మీదికి చేర్చిన్రు. కళ్యాణి కాళ్ల దగ్గర కూసున్నది. కోటేష్ ముందుకొచ్చి ఆజం పక్కన ఎక్కిండు.

"బుధవారం ఎందుకో ఇప్పుడు తెలిసింది భాయ్. వైర్లు కూసోవాలె అన్నవు."

ఆజం రోడ్డు మీది నుంచి చూపు తీయలే. "కట్టు ఇప్పే డాక్టరు ఈ రోజే ఉంటడు సార్. యాడీ కాలు మడవదు. ఆటోల పట్టది, బస్సు ఎక్కలేదు. కాలు విరిగిననాడు అంబులెన్సు వచ్చింది. కట్టు ఇప్పుకోనీకి ఎవరొస్తరు? కొడుకు, కోడలు మిర్చి ఏరబోయిన్రు."

"ముందే చెప్తే మేము కాదంటమా?"

"మీరు అనరు. యాడీ అంటది. ఊరికే ఎక్కు అంటే ఎక్కదు, ఒకల బండికి నేనెందుకు బరువు అంటది. జర నా పనికి సాయం చెయ్యి అంటే, పొద్దుగాలనే తల దువ్వుకొని కూసుంటది."

అందరు చెప్పుకునే హారన్ ట్రయల్ కథ కోటేష్‌కు యాదికొచ్చింది. "మరి బాలకృష్ణ ఆటో? హారన్?"

"దాంట్ల వేరే లోడు సార్," అన్నడు ఆజం, గేరు మారుస్తూ.

పాల్వంచ దాటినంక కోటేష్ ఫోను మోగింది. వెనక క్యాంపర్‌లో నుంచి కళ్యాణి. కోటేష్ ఎత్తిండు.

"ఏందయ్యా, జర మెల్లగ పోనియ్యుమను," అని గుసగుసగా అన్నది. "యాడీ నిద్రపోయింది. ఫ్యాను మంచిగ తిరుగుతున్నది."

భద్రాచలం దవాఖానాలో కట్టు ఇప్పేసరికి మధ్యాహ్నమైంది. ఎముక అతికిందని, వాకరు పట్టుకొని కొద్దికొద్దిగ నడవమని డాక్టరు చెప్పిండు. బయట ఆజం క్యాంపర్ బ్యాటరీకి మీటరు పెట్టి చూసి, తాళంచెవి కోటేష్ చేతిలో పెట్టిండు.

"బ్యాటరీ కడుపు నిండింది సార్. బండి మీది. యాడీ, నేను బస్సుల పోతం."

"కాలు బస్సెక్కుతదా?" అన్నది కళ్యాణి.

"చూద్దాం మేడం. యాడీ, నాలుగడుగులు వెయ్యి."

హేమ్లి నాలుగు వేసింది. తర్వాత ఇంకో నాలుగు వేసింది. వాకరు ముందుకు జరిపి, ఆగి, ఊపిరి తీసుకొని, మళ్ల జరిపి, గేటు దాకా పోయింది.

"సాలు యాడీ, మంచిగనే ఉన్నది!" అని ఆజం అరిచిండు.

"ఏం సాలు? దవాఖానా బండల మీద ఎవరైన నడుస్తరు. మట్టిల నడవాలె. ఎత్తు ఎక్కాలె."

"డాక్టరు కొంచెమే అన్నడు!"

"కాలు ఆయనదా?"

ఆమె గేటు దాటింది. ఒక చేతిలో ఆమె చెప్పులు, ఇంకో చేతిలో ఎక్స్‌రే కవరు పట్టుకొని, "ఇగ అయిపోయింది యాడీ, సాలు, నీకు దండం పెడత" అంటూ ఆజం భాయ్ వెనకాల ఉరికిండు. జన్మలో మొదటిసారి ఒక ట్రయల్‌ను తొందరగా ఒడగొట్టమని బతిమాలుతున్నడు.

కళ్యాణి నవ్వుకుంటూ వచ్చి జీపులో కూసున్నది. నవ్వు ఆగక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. కోటేష్ ఇంజను స్టార్టు చేసి, "పక్కనుంచి దాటిపోదామా?" అన్నడు.

"ఏం తొందరొచ్చింది? ఇంకా రెండున్నర రోజులున్నయి," అన్నది కళ్యాణి. "యాడీ కూడా గోదారి దిక్కే పోతున్నట్టుంది."

కోటేష్ జీపును మొదటి గేరులో, వాకరు నడిచినంత మెల్లగ, వాళ్ల వెనకాల పోనిచ్చిండు.