చేనుకిచ్చే చీర

నందిగామ నుంచి చందర్లపాడు వెళ్లే ఆటోలో ఉన్నాను. దారి పక్క మొక్కజొన్న చేల చుట్టూ రంగురంగుల చీరలు కట్టి ఉంటే, ఉతికి ఆరేశారనుకుని ఆ మాటే పైకి అన్నాను. విశాఖ నుంచి వచ్చినదాన్ని, నాకేం తెలుసు! పక్కన కూర్చున్న రైతమ్మ నవ్వింది.

"అడవి పందులకండీ. చంపితే కేసు. మనిషి వాసన తగిలితే చేలోకి రావు. పోయినేడు చీరలు కట్టక సగం చేను పోయింది."

"కొన్ని కొత్తగా ఉన్నాయే?"

"నా పాతవన్నీ అయిపోయాయి. బయట కొనే పాతవి ఉతికేసి ఉంటాయి, వాసనుండదు. అందుకని మా ఆయన కొత్తవి తెస్తన్నాడు. కొన్నాళ్లు నేను కట్టి, చెమట పట్టాక చేనుకిస్తా. పెళ్లైన కాడి నుంచి పండక్కి కూడా చీర తేని మనిషండీ!"

అడవి జంతువులతో రైతులు పడే కష్టాల గురించి చాలానే చదివాను. ఈ లాభం గురించి ఎవరూ రాయలేదు.

ఆమె కట్టుకున్న నెమలికంఠం రంగు చీర చూసి, "ఇదీ చేనుకేనా?" అన్నాను.

ఆమె కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

"రేపు తూర్పు మూల కట్టాలన్నాడు. ఇది మాత్రం ఇయ్యనండీ. ఆ మూల పందులకి వదిలేసా."