గీత దాటకూడదు

స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా మీద నాకున్నంత కోపం ఏ మనిషి మీదా లేదు. అరకు కొండల్లో ప్రభుత్వ డాక్టరుగా చేరినప్పటి నుంచి దానితోనే నా గొడవ. వానలు పడితే చాలు, కాఫీ తోటల్లో కొమ్మలు గీరుకున్న కాళ్లన్నీ నా దగ్గరికే వస్తాయి.

దాని ఒంటి నిండా నూగులాంటి ప్రొటీన్ ఉంటుంది. మన తెల్ల రక్తకణాలు పట్టుకోబోతే చిక్కనివ్వదు. లోపలికి దూరాక ఎంజైములు వదులుతుంది. ఒకటి కణాల మధ్య ఉండే జిగురును కరిగించి దారి చేస్తుంది. శరీరం రక్తాన్ని గడ్డకట్టించి గట్టు వేసుకుంటుందా, ఇంకొకటి మన రక్తంలో ఉన్న సరుకునే ఉసిగొల్పి ఆ గట్టు తెంపిస్తుంది. ఇంత దగాకోరు తెలివి దానికెవరు నేర్పారో!

ఆ రోజు మధ్యాహ్నం అక్కాచెల్లెళ్లు ఇద్దరొచ్చారు. చెల్లెలి కాలు పిక్క దగ్గర ఎర్రగా వాచి కాలిపోతోంది. పడుకోబెట్టి ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. ఎరుపు ఎంతవరకు పాకిందో చూసి, అంచు వెంబడి బాల్ పెన్నుతో గీత గీశాను. అదెందుకో కూడా అక్కకు వివరంగా చెప్పాను. ఇలా చెప్పడం నాకు సరదా.

"ఇది అడ్డొచ్చిందల్లా కరిగించుకుంటూ పాకే రకమమ్మా. ఈ ఎరుపు గీత దాటకూడదు. చూస్తూ ఉండు."

"అలాగే బాబూ. దాటనివ్వను," అందామె.

ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది. ఎక్కడ ఆగుతాం, వరండా నిండా జనం! పెన్ను కూడా ఆ మంచం మీదే మరిచిపోయాను.

మర్నాడు పొద్దున్నే కొండ మీది ఊళ్లో వైద్య శిబిరం. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. పగటి డ్యూటీ నర్సు ఎదురొచ్చి, "ఎరుపు గీత దాటలేదు సార్," అంది. హమ్మయ్య అనుకుంటూ దుప్పటి తీశాను. నిజమే, ఎరుపు గీత లోపలే ఉంది. కానీ నేను గీసింది పిక్క మీద. ఈ గీత మోకాలికి ఆనుకుని ఉంది! కింద చర్మం నల్లబడి బొబ్బలెక్కింది. పిలిస్తే ఆ పిల్ల సరిగా పలకడం లేదు.

"ఎవరు గీశారిది?" అని అరిచాను.

"నానే బాబూ," అంది అక్క. "మీ గీత రేతిరే దాటిపోనాది. ఒంటిమీద సర్పి లేత్తే మావోళ్లు సుట్టూ ఎర్రమట్టితో కట్టుగీత గీత్తారు, పొక్కులు పాకకుండా. మట్టి సెమటకి కరిగిపోద్ది. పెన్ను గీత కరగదు గదా! పాతది మందు దూదితో తుడిసేసి పైన గీసినాను. అదీ దాటితే మల్లీ గీసినాను. ఏటి బాబూ, తప్పా?"

దాటకూడదని నేనన్నది, దాటితే నన్ను పిలవమని. ఆమె విన్నది, దాటకుండా కాపలా కాయమని. నిద్ర మానుకుని కాసింది కూడా. అంత తెలుగు వచ్చి, అంత చదువు చదివి, "పిలువు" అన్న ఒక్క ముక్క నా నోటికి రాలేదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక నర్సు మీద కేకలేశాను. పాపం, ఆమెకూ ఒక్క గీతే కనబడింది.

అంబులెన్సు వచ్చేసరికి ఇంకాస్త పొద్దు గడిచింది. పట్నం ఆసుపత్రికి పంపించాను. అక్క పెన్ను గుప్పిట్లో పట్టుకునే ఎక్కింది. ఇమ్మని అడగడానికి నాకు మనసొప్పలేదు.

కొన్ని వారాలకు ఇద్దరూ కట్టు మార్పించుకోవడానికి వచ్చారు. చెల్లెలు బతికింది. కుడికాలు మోకాలి పైనుంచి లేదు. తోట వాలులో నిలబడి కాఫీ కాయ కోయడం ఇక ఆమె వల్ల కాదు. ఆ పిల్ల నా ముఖం చూడలేదు, నేనూ చూడలేకపోయాను.

అక్క ఆ పెన్ను నా బల్ల మీద పెట్టింది.

"అంబులెన్సులో ఘాటీ దిగే దారంతా గీసినాను బాబూ. ఆఖరు గీత కాడే కోసేసినారు," అంది. "ఆ పైకి మాత్రం దాటనివ్వనేదు."