నాట్లనాటి కొప్పెరలు

రెయిన్‌కోటును మా నాయిన బర్సాతి అనేవాడు. బర్సాత్ అంటే ఉర్దూలో వాన. ఆ మాట పుట్టుక అంతే, తవ్వడానికేమీ లేదు. సుచిత్ర చౌరస్తా దగ్గర కొన్న ఖాకీ బర్సాతి తొడుక్కుని సైకిల్ మీద మేడ్చల్ రోడ్డులో ఉన్న ఫ్యాక్టరీకి పోయేవాడు. ఆ గుండీల చొక్కాను చూస్తే మా అవ్వకు, అంటే నాయిన తల్లికి, నవ్వాగేది కాదు. అలియాబాద్ పక్కన మా పొలాల్లో ఆడవాళ్లకు వానలో కొప్పెరే ఆసరా.

యూరియా సంచి అడుగు మూలల్లో ఒకదాన్ని రెండోదాని లోపలికి తోస్తే గూడులా అవుతుంది. అదే కొప్పెర. తల మీద పెట్టుకుంటే వెనక నడుం దాకా జారుతుంది. వంగి నాట్లు వేసేవాళ్లకు తడిసేది వీపే కదా, ముందువైపు గుండీలెందుకు? ఆ పేరు కొప్పులోంచి వచ్చిందని నా నమ్మకం. జుట్టు ముడీ కొప్పే, ఇంటికప్పు నడినెత్తీ కొప్పే. పెద్ద వంటపాత్రను కూడా కొప్పెర అంటారు, దాన్ని బోర్లిస్తే ఇదే కదా అని ఒక పండితుడు నాతో వాదించాడు. అయితే కావచ్చు, నేను మాత్రం ఒప్పుకోను.

నాకు ఊహ తెలియకముందే నా కన్నతల్లి పోయింది. నేను బడికి పోయే వయసులో నాయిన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. వచ్చినామె మంచిది. నాకు తల దువ్వేది, జ్వరమొస్తే పక్కన కూర్చునేది. నేనే మొండిఘటాన్ని. ఆమెను ఏమనీ పిలవలేదు. పని పడితే ఎదురుగా పోయి నిలబడేదాన్ని, లేకుంటే "ఇగో" అనేదాన్ని. ఈమెను అమ్మా అంటే గోడ మీది ఫోటోలో ఉన్నామె ఏమైపోవాలని నా పంతం.

ఒక ఏడు నాట్ల రోజుల్లో, ముసురు పట్టిన పొద్దున, గుండ్లపోచంపల్లి నుంచి ఆమె అన్న వచ్చాడు. తన చెల్లెలికి ఈ ఇంట్లో నోరారా పిలుపు కూడా లేదని ఎవరో ఆయన చెవిన వేశారట. తీసుకుపోతానని, మళ్లీ పంపేది అనుమానమేనని అవ్వకు తేల్చి చెప్పాడు. పొలం నుంచి ఆమెను తోలుకురమ్మని అవ్వ నన్ను పురమాయించింది. గడప దాటుతుంటే మెల్లగా అంది, "పోతే మల్ల రాదే." ఆమె పోవడం నాకు ఇష్టం లేదు. ఏమాత్రం లేదు.

గట్టు మీద నిలబడి చూస్తే మడి నిండా తెల్ల సంచులే. అందరూ ఒక్క తీరుగా వంగి ఉన్నారు, మొహాలు నీళ్లవైపు, చీరలు మోకాళ్లపైకి ఎగ్గట్టి. ఎవరు ఎవరో పోల్చుకోవడం నా వల్ల కాలేదు. "ఇగో" అన్నాను. ఎవరూ లేవలేదు. ఇంకా గట్టిగా అన్నాను. ఊరి పొలంలో ఇగో అంటే ఎవరు లేస్తారు? ఏడుపొచ్చింది. ఇక వేరే దారి లేక గొంతు చించుకుని అరిచాను.

"అమ్మా!"

వరసలో ఉన్న తల్లులందరూ నడుములెత్తారు. కొప్పెరలు వెనక్కి తోసి, తమ పిల్లేమోనని నా వైపు చూశారు.

ఒక్క కొప్పెర మాత్రం లేవలేదు. వంగి నాటు వేస్తూనే ఉంది.

బురదలోకి దిగి, పడుతూ లేస్తూ పోయి ఆ వీపు మీద చెయ్యి వేశాను. ఆమె తలెత్తింది.

"ఎవల పిలుస్తున్నవ్ బిడ్డా?" అంది.

"నిన్నే," అన్నాను. "మీ అన్నొచ్చిండు. నువ్వు పోకు."

ఆ మధ్యాహ్నం ఆమె అన్న మా ఇంట్లో అన్నం తిని, ఒక్కడే బస్సెక్కాడు.