చూపుడు వేలు

చూపు లేనివాళ్ళకు మనోనేత్రం ఉంటుందని శాలువాలు కప్పేవాళ్ళు చెబుతుంటారు. బ్రెయిలీ అచ్చాఫీసులో తప్పులు దిద్దే ప్రూఫు మామయ్యకు అలాంటిదేమీ లేదు. ఉన్నదల్లా చూపుడు వేలు. దానికి ఆ పేరు తనను చూసే పెట్టారని ఆయన జోకు.

పని ఇద్దరిది. తోటి ఉద్యోగి చెల్లమ్మ ఎదురుగా కూర్చుని మామూలు పుస్తకం పైకి చదువుతుంది. ఆయన చుక్కల కాగితం మీద వేలు నడుపుతూ "ఊఁ" అంటాడు. తప్పు తగిలితే "ఆగు" అంటాడు.

"బాగానే ఉందన్నయ్యా, నేను చూశాగా."

"కళ్ళున్నవాళ్ళ మాట నేను నమ్మనమ్మా. మీకు ఉండాల్సింది కనిపిస్తుంది, ఉన్నది కనిపించదు."

కొత్తగా చేరినవాళ్ళు వేలు అదిమితే కసిరేవాడు. తాకాలి గానీ నొక్కకూడదు, నొక్కితే చుక్క అణిగిపోతుంది.

షుగరు ముందు కాళ్ళకు తిమ్మిరి తెచ్చింది, తర్వాత వేళ్ళకు. ఎవరికీ చెప్పలేదు. గోరువెచ్చని నీళ్ళలో వేలు నానబెట్టి, గరుకు గుడ్డతో తోముకుని పనికి కూర్చునేవాడు.

ఒకటో తరగతి వాచకం అచ్చయి బడికి వెళ్ళింది. కొన్నాళ్ళకే టీచరమ్మ దాన్ని పట్టుకొచ్చింది.

"పిల్లలంతా అమమ, అకక అంటున్నారు మామయ్యగారూ. తప్పురా అంటే, పుస్తకంలో అలాగే ఉందిగా అని నామీదికే వస్తున్నారు."

బ్రెయిలీలో ఒత్తు కింద వేలాడదు. అక్షరానికి ముందు ఒంటి చుక్కగా వస్తుంది. కొత్త మిషను ఆ చుక్కను మింగేసింది. చెల్లమ్మ "అమ్మ" అన్న ప్రతిసారీ ఆయన "ఊఁ" అన్నాడు. గుంపు చుక్కలు ఇంకా లీలగా తగులుతున్నాయి గానీ ఒంటి చుక్క తగలడం మానేసి చాలాకాలమైంది. వేలు వదిలేసిన పని చెవి చేసింది.

మేనేజరు మంచివాడే. ఓదార్చబోయాడు.

"ఇప్పుడంతా ఫోనే చదివి పెడుతోంది కదా మామయ్యా, మీకేం లోటు?"

"అది చదువుతుంది, నేను వింటాను. మరి నేను చదివేదెప్పుడు బాబూ?"

వాచకం మళ్ళీ అచ్చయింది. ఉద్యోగంలో ఆయనకు అదే ఆఖరి రోజు. చెల్లమ్మ ఆయన వేలు పట్టుకుని "అమ్మ" మీద పెట్టింది.

"ఉందా అన్నయ్యా?"

ఆయన తడిమాడు. నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు.

"నువ్వే చూసి చెప్పమ్మా. నువ్వు ఉందంటే ఉన్నట్టే."

చెల్లమ్మ చూసింది. ఆ నొక్కుడుకు చుక్క అణిగిపోయింది.

"ఉందన్నయ్యా" అంది.